ఇంకో గరిటె

“ఏంట్రా అలా చూస్తావు? తాగు, చల్లారిపోతుంది,” అంది మా అత్తగారు.

ఆమె చిన్నకొడుకు, అంటే మా మరిది, చర్చిలో ఫాదర్. క్రిస్మస్ భోజనానికి కూర్చున్న ఇరవై మందీ నేను చేసిన సూప్ జుర్రుకుంటుంటే, ఆయన చెంచా ఒక్కటే గాల్లో ఆగిపోయింది.

పోయిన క్రిస్మస్‌కి ఇదే బల్ల దగ్గర నేను వడ్డించిన పళ్ళెం పక్కకు తోసేశాడు. “ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే చేతులు కదా వదినా, ఏమనుకోకు,” అన్నాడు. అందరూ నవ్వారు. ఏడాదంతా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది.

అందుకే ఈ పొద్దున చర్చిలో పూజకు ముందు, చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి ఆయన దగ్గరికే వెళ్ళాను. మా ఇద్దరి మధ్య ఉన్న చెక్కజాలీకి మూతి ఆనించి, “ఇవాళ్టి సూప్‌లో ఉమ్మేశాను, ఫాదర్,” అన్నాను. పాపపరిహారంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు. చెప్పుకున్నాను.

అక్కడ విన్నది ఏ ఫాదరూ ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. మాటతోనే కాదు, మొహంతో కూడా. ఆ సంగతి ప్రసంగంలో చెప్పింది ఆయనే.

కళ్ళు మూసుకుని మింగాడు. చెంచా తర్వాత చెంచా, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

“ఇంకో గరిటె వెయ్యనా, ఫాదర్?”

“అడుగుతావేంటే, వెయ్యి! వాడికి మొహమాటం,” అంది అత్తగారు. నిండుగా వేశాను.

తర్వాత నా గిన్నె కూడా నింపుకుని కడుపారా తాగాను. పిల్లలు తాగే సూప్‌లో ఎవరైనా ఉమ్ముతారా? నేను చేసిన పాపం ఆ అబద్ధమొక్కటే. వచ్చేవారం అదీ చెప్పుకుంటాను, వేరే ఫాదర్ దగ్గర.