నడకకు ఎన్ని మాటలో

"ఇది నడక కాదు," అంటూ మాస్టారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు. ఆసుపత్రిలో నడక నేర్పే రెండు కమ్మీల మధ్య ఆయన వేసింది రెండే అడుగులు.

"మరేంటండీ?" అంది భార్య.

"షఫుల్. కాళ్ళీడ్చడం. బతుకంతా ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తేడా తెలీదా నాకు? ఆ బండి ఇలా తీసుకురా, ఇంటికి పోదాం."

గుమ్మం పక్కన కొత్త చక్రాల కుర్చీ ఉంది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. తుంటి ఎముకకు ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చే వేళయింది. ఈ కమ్మీల ఆ చివరికి వెళ్ళి వెనక్కి రాగలిగితేనే ఇక ముందు నడిపిస్తామనీ, లేకపోతే చక్రాల కుర్చీయే గతనీ ఆయన నిన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

రోజూ వచ్చే ఫిజియో సెలవు పెట్టడంతో ఇవాళ కొత్తమ్మాయి వచ్చింది. మొహానికి మాస్కు. కుడికాలి బూటుకి మాత్రం అడుగున మందంగా ఇంకో సోలు. ఆ కాలు కాస్త పొట్టి కాబోలు, నడిచినప్పుడల్లా భుజం ఓ పక్కకి ఒరుగుతోంది.

"ఏదైతే ఏముంది సార్," అంది ఆ అమ్మాయి. "షఫుల్ అన్నా, స్ట్రోల్ అన్నా, ట్రడ్జ్ అన్నా అన్నీ నడకే కదా."

మాస్టారి కనుబొమ్మలు పైకి లేచాయి. "ఎవరమ్మా నీకలా చెప్పింది?"

"మా బళ్ళో ఇంగ్లీషు మాస్టారు."

"వాడికి ఉద్యోగమిచ్చిన మహానుభావుడెవరు?"

"ఊరుకోండి," అంది భార్య. "ముక్కూ మొహం తెలీని మనిషిని పట్టుకుని."

"నువ్వాగు. ఏదీ, స్ట్రోల్ అంటే ఎలాగో నడిచి చూపించమ్మా."

ఆ అమ్మాయి బస్సు తప్పిపోతున్నట్టు గబగబా గది దాటేసింది.

"ఖర్మ," అంటూ మాస్టారు కమ్మీలు పట్టుకుని లేచారు. ఆ అమ్మాయి గబుక్కున వచ్చి ఆయన నడుముకి కట్టిన బెల్టు మీద చెయ్యి వేసింది. "చూడు. స్ట్రోల్ అంటే తొందర లేని నడక. ముందు పనీ, వెనక పెళ్ళామూ లేని మగాడి నడక. ఇదిగో, ఇలా." ఒక అడుగు. కాస్త ఆగి ఇంకో అడుగు.

"వెనక నేనున్నానుగా," అంది భార్య.

"అందుకే సరిగ్గా కుదరలేదు."

"అయితే సార్, ట్రడ్జ్ అంటే పరుగా?"

"పరుగేంటి, నా తలకాయ." పళ్ళు బిగించి ఆపరేషన్ చేసిన కాలి మీద బరువు వేశారు. "సోమవారం పొద్దున బడికొచ్చే పిల్లల్ని చూళ్ళేదూ? సంచీ కంటే మనసే బరువు వాళ్ళకి. ఆ నడకమ్మా అది." నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు ఆయనకి.

ఆ అమ్మాయి అడుగులో అడుగు వేస్తూ, తప్పు మీద తప్పు మాట్లాడుతూనే ఉంది.

"టిప్‌టో అంటే కాళ్ళు టపటపా కొట్టడం కదా సార్?"

"అయ్యో రాత. పసిపిల్ల పడుకున్న గదిలోకి ఎలా వెళ్తారు? చప్పుడు కాకుండా, వేళ్ళ మీద."

"ఆ నడక మాత్రం ఈయన్ని అడక్కమ్మా," అంది భార్య. "ఈయన తలుపు తీస్తే పక్కింటి పిల్లలు కూడా లేచేవాళ్ళు."

మాస్టారు ఏదో అనబోయారు. ఈలోగా ముందుకు చాచిన చెయ్యి గోడకి తగిలింది. కమ్మీలు అయిపోయాయి.

భార్య నవ్వు ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చిన డాక్టరు అక్కడే నిలబడిపోయాడు.

"మెల్లిగా తిరగండి సార్," అంది ఆ అమ్మాయి. "ఇంకొక్క మాట మిగిలింది. లింప్. కుంటడం. ఇది మాత్రం నాకు తప్పు పోదు, చూపిస్తానుండండి."

మాస్టారి చూపు ఆ మందపాటి బూటు మీద పడింది. పడ్డంత వేగంగానే పక్కకి తప్పుకుంది.

"అక్కర్లేదు," అన్నారు. గొంతులో ఇందాకటి కరుకుదనం లేదు. "ఆ మాట మాస్టారే నడిచి చూపించాలి. నువ్వలా నిలబడి చూడు."

కుంటుకుంటూ వెనక్కి బయల్దేరారు. ఒక్కో అడుగుకీ భుజం ఒరుగుతోంది, ఊపిరి బరువెక్కుతోంది. ఆయన మాత్రం ఆగలేదు. మొదలుపెట్టిన చోటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, డాక్టరు చక్రాల కుర్చీ వైపు చెయ్యి చూపించి, "దాన్ని బయట పెట్టించండి," అని వెంట వచ్చిన నర్సుతో చెప్పి వెళ్ళిపోయాడు.

భార్య గబగబా వచ్చి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. "నీ మేలు ఈ జన్మకి మరిచిపోలేను తల్లీ. నీకు తప్పులు నేర్పిన ఆ మాస్టారికి కూడా దణ్ణం పెట్టాలి. ఎక్కడుంటాడమ్మా ఆయన?"

ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకు తప్పులు నేర్పలేదు అమ్మగారూ. ఏడో తరగతిలో లింప్ అన్న మాట రాగానే పిల్లలంతా నా కాలి వైపు తిరిగితే, బల్లల మధ్య ఇలాగే కుంటుకుంటూ నడిచి అందరి చూపూ తన వైపు తిప్పుకున్నది ఈ మాస్టారే. అప్పుడు ఆయన రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి."