కడప నుంచి ఒక విజిటర్

“మళ్లీ వచ్చినారే!” శ్రీవాణి తెర వైపు వేలు చూపింది.

రాయచోటి బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడిపే శివజ్యోతి కుర్చీ దగ్గరికి జరుపుకొని కంప్యూటర్ తెర చూసింది.

శ్రీవాణి వీపు మీద బొల్లి మచ్చలున్నాయి. వాటితో బతకడం గురించి ఆమె పేరు చెప్పకుండా ఒక బ్లాగు రాస్తోంది. దాన్ని ఏ ఊరి నుంచి, ఏం వెతుక్కుంటూ వచ్చి చదువుతున్నారో తెలిపే పేజీ కూడా స్నేహితురాలి కోసం శివజ్యోతే పెట్టి ఇచ్చింది.

ఊరు: కడప. వెతికిన మాటలు: ‘బొల్లి ఉంటే పెళ్లి’. పాత విజిటర్.

శ్రీవాణికి తేజేశ్వర్ అనే అబ్బాయితో సంబంధం కుదిరింది కడపలోనే. మచ్చల సంగతి మగపెళ్లివాళ్ల దగ్గర ఎత్తొద్దని వాళ్లమ్మ సుందరలక్ష్మి ఒట్టు వేయించుకుంది.

“తేజేశ్వర్‌కు ఎవరో చెప్పినట్లుండాది జ్యోతీ. నా గురించే వెతుకుతాండాడు.”

“ఉండుమే. ఒట్టి ఊరు చూసి భయపడితే ఎట్ల? చుట్టుపక్కల పల్లెలోళ్లు చూసినా కడప అనే పడతాది.” శివజ్యోతి ఇంకోచోట నొక్కింది. “మొదటిసారి ఎప్పుడొచ్చినారో ఈడ చూడు. పోయిన ఉగాదికి. నీ పెళ్లిచూపులెప్పుడు?”

“మొన్న దసరాకు.”

“మరి? నువ్వెవరో తెలీకముందే నీ గురించి ఎట్ల వెతుకుతాడు? ఎవరో పాపం, నీలాంటి ఆడపిల్లే.”

శ్రీవాణి గుండె కుదుటపడింది. బస్టాండులో సోడా తాగి, నవ్వుకుంటూ ఇంటికి పోయింది.

కానీ ఆ ఆడపిల్ల ఆమె మనసులోంచి కదల్లేదు. ‘దాచి పెళ్లి చేసుకోవద్దు, ముందే చెప్పండి’ అని బ్లాగులో రాసింది తనే. ఆ మాట నమ్ముకొని కడపలో ఒకరు రోజూ చదువుతుంటే, రాసిన మనిషి ఇక్కడ దాచిపెట్టుకొని కూర్చుంది.

పెళ్లిచీరలు కొనడానికి కడప వెళ్లినప్పుడు, పెద్దవాళ్లు జరీ అంచుల దగ్గర వాదించుకుంటుండగా, తేజేశ్వర్‌ను దుకాణం మెట్ల దగ్గరికి పిలిచింది.

“మీకొక సంగతి చెప్పకుండా దాచినాం. నా వీపు మీద బొల్లి ఉండాది. మీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పండి, నేనేమీ అనుకోను.”

తేజేశ్వర్ ఏదో అనబోయేలోపే ఆమె మళ్లీ అందుకుంది.

“దాచొద్దని బ్లాగులో ఊరందరికీ చెప్పేది నేనే. నేనే దాస్తే ఎట్ల?”

“ఆ బ్లాగు... మీరా రాసేది?”

ఆమె తలూపింది. అతను గట్టిగా ఊపిరి వదిలి, మెట్టు మీద కూలబడి, ముఖమంతా నవ్వు పరుచుకుంటుండగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మోచేతి మీద తెల్లమచ్చ ఉంది.