కార్జం చూపులు

"చొక్కా పైకనుకో. కుడిచెయ్యి తలకింద పెట్టుకో, చిరంజీవీ."

డాక్టర్ ఉదయ్ భాస్కర్ రెండోసారి చెప్తే గానీ బల్లమీది పిల్లగాడు కదల్లేదు. పక్కన నిలబడ్డ కళావతి కొడుకు మోచెయ్యి తట్టి, సారు పిలిచేది నిన్నేనంది. డాక్టర్ వాడి కుడి పక్కటెముకల మీద చల్లటి జెల్ రాసి, మిషన్ కొనను ఎముకల సందున ఆనించాడు. అది చిటికేసినట్టు లోపలికి చిన్న దెబ్బ కొట్టింది. సూది లేదు, కోత లేదు. ఆ దెబ్బ కార్జంలో ఎంత వేగంగా పాకితే కార్జం అంత గట్టిపడ్డట్టు లెక్కట. మంచి కార్జం మెత్తగా ఉంటుందని డాక్టర్ చెప్పాడు.

భద్రాచలంలో ఈ దవాఖానాకే రావాలని పట్టుబట్టినవాడు పగిడయ్య. ఆయన పెద్దల్లుడు తాగి తాగి కార్జం చెడి మొన్న ఎండాకాలంలో పోయాడు. చూసింది ఈ డాక్టరే. ఇప్పుడు రెండో బిడ్డ పుష్పలతను కళావతి తన పెద్దోడు చిరంజీవికి అడిగితే, పగిడయ్య భూమి సంగతి అడగలేదు, ఎడ్ల సంగతి అడగలేదు. పెళ్ళిచూపులకంటే ముందు కార్జం చూపులు కావాలన్నాడు. తాగనోన్ని తాను యాడ తేగలడట, లోపల చెడిపోనోడైతే చాలట. అప్పటిదాకా పిల్లగాడి మొహం కూడా చూడనని, ఆ మాట డాక్టర్ నోటే వింటానని తెగేసి చెప్పాడు.

పెళ్ళయితే చిరంజీవి దారికొస్తాడని కళావతి ఆశ. పుష్పలత అంగన్‌వాడీలో పనిచేస్తుంది, నలుగురిలో మాట్లాడగలిగిన పిల్ల. ఈ సంబంధం తప్పితే ఇంకోటి రాదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా అని, దమ్మపేటలో బస్సెక్కేటప్పుడే మనసుకు సర్దిచెప్పుకుంది.

డాక్టర్ మిషన్ వంక చూశాడు. కొనను కొంచెం జరిపి మళ్ళీ ఆనించి, మళ్ళీ చూశాడు. ఆయన మొహం మారింది.

"ఎన్నేండ్ల సంది తాగుతున్నవ్?"

"నేను తాగను సార్. ఒక్క చుక్క ముట్టలే."

డాక్టర్ నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. "కార్జం గట్టితనం ఆరు లోపల ఉండాల్సింది ఇరవై దాటింది. అబద్ధమాడినా అతికినట్టుండాలె పిల్లగా."

పగిడయ్య ముందే ఆరా తీశాడని, చిరంజీవి పొద్దుగూకితే ఎక్కడ పడుంటాడో ఊరు ఊరంతా చెప్పిందని కడిగిపారేశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. బయట బెంచీమీద కూర్చున్న ఆడవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. పిల్లగాడు చొక్కా దించుకుని తల్లి వైపు చూశాడు. కళావతికి తల కొట్టేసినట్టయింది. కొడుకు మొహం చూడలేక కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లో ఇంకెవరున్నారని డాక్టర్ ఆమెను అడిగాడు. ఇంకో కొడుకున్నాడంది.

"వాడు కూడా తాగుతడా?"

"తాగుతడు సార్" అంది నేల చూస్తూ.

ఇద్దరూ ఇద్దరేనా, తల్లివై ఉండి ఇన్నొద్దులు ఏం చేస్తున్నావని ఆయన గట్టిగానే అన్నాడు. బెంచీమీద ఎవరో కిసుక్కున నవ్వారు. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట పగిడయ్య చెవిన పడితే మాత్రం ఈ చుట్టుపక్కల తన ఇంటి గడప తొక్కే ఆడపిల్ల ఉండదు. ఆ భయమే నోరు నొక్కేసింది. అంత భయపడుతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

డాక్టర్ చీటీ రాశాడు. తాగుడు మానెయ్యాలి, ఆర్నెల్లకు మళ్ళీ రావాలి, అంతే.

"వేరే గోలీలు ఏమీ లేవా సార్?" అంది కళావతి.

"తాగుడుతో వచ్చినదానికి మానుడే గోలీ. తాగనోనికి గిట్లయితే అది వేరే రోగం. రక్తపరీక్షలు జల్దీ చెయ్యాలె, లేటయితే మనిషి దక్కడు. నీ కొడుకుది గా బాపతు కాదు తల్లీ, పో."

పిల్లగాడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని, "పోదాం పా అమ్మా. నేనేం అనుకోను" అన్నాడు మెల్లగా. తిట్లన్నీ తిన్నవాడు తనను ఓదారుస్తున్నాడు. కన్నతల్లిని, వీడి ఉసురు నేనే పోసుకుంటున్నానా అనుకుంది కళావతి. గడప దాకా నడిచింది కానీ దాటడానికి కాలు రాలేదు.

వెనక డాక్టర్ అప్పటికే పగిడయ్యకు ఫోన్ కలిపాడు. స్పీకర్లో ఆయన "చెప్పుండ్రి సార్" అనడం బెంచీ దాకా వినిపించింది. కళావతి కొడుకు చెయ్యి విడిపించుకుని వెనక్కొచ్చి, నోటికడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, అందరికీ వినబడేటట్టే చెప్పింది.

"ఈడు చిరంజీవి కాదు సార్, వాని తమ్ముడు."