ఒక్క గది రౌండ్లు

మెదడు డాక్టరుగారికి ఇవాళ రౌండ్లకి బయల్దేరుతుంటేనే చిరాగ్గా ఉంది. మళ్ళీ ఆ మొండిఘటం మొహం చూడాలి.

ఒకప్పుడు ఆయన రౌండ్లంటే వార్డు వార్డంతా హడలిపోయేది. ఈమధ్య మాత్రం ఆయనకి ఒకే ఒక్క పేషెంటు. సీనియారిటీ పెరిగేకొద్దీ కష్టమైన కేసులే ఇస్తారని అసిస్టెంటు డాక్టరు చెప్పింది. ఆవిడ ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి, అబద్ధమాడదు. డాక్టరుగారు లోలోపల కొంచెం పొంగిపోయారు కూడా.

ఆపరేషన్ టోపీ చెవుల దాకా లాక్కుని, తెల్లకోటు సర్దుకుని గదిలో అడుగుపెట్టారు. వెనకాలే అసిస్టెంటు.

మొండిఘటం మంచం మీద తలగడకి చేరగిలబడి ఉంది. అరవై దాటినావిడ. ఆయన రాకకోసమే కాచుకున్నట్టు చూస్తోంది.

"ఎలా ఉందమ్మా?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను. నాకే జబ్బూ లేదు."

డాక్టరుగారు అసిస్టెంటు వైపు తిరిగి కళ్ళెగరేశారు. "చూశావా? అదే జబ్బు! తలకి దెబ్బ తగిలి, లోపల గడ్డకట్టిన రక్తం తీసేశాక, ఏ కోటికో ఒకరికి ఇలా అవుతుంది. జ్ఞాపకం పోతుంది. పోయిందన్న సంగతీ తెలీదు. పైగా ఎదుటివాళ్ళకే ఏదో అయిందనుకుంటారు."

"అవును సార్," అంది అసిస్టెంటు.

"అయ్యో పాపం," అంది మంచం మీద ఆవిడ.

జాలి పడటానికి మాత్రం ఏం తక్కువ లేదు అనుకున్నారు డాక్టరుగారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అసలు దెబ్బెలా తగిలింది?"

"వద్దు మొర్రో అంటున్నా వినకుండా, బల్బు మారుస్తానని స్టూలెక్కడం వల్లండీ."

"ఈ వయసులో స్టూలా! ఇంట్లో చెప్పేవాళ్ళు లేరూ?"

"చెప్పేవాళ్ళకేం, ఉన్నారండీ. వినేవాళ్ళే లేరు."

ఇంత తలబిరుసు మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి ఆవిడ కళ్ళముందు ఆడించారు. "ఇదేంటి?"

"మీరు చెప్పండి చూద్దాం."

"పెన్నమ్మా, పెన్ను!"

"శభాష్," అంది ఆవిడ.

అసిస్టెంటు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. డాక్టరుగారు పెన్ను విసురుగా జేబులో పెట్టుకున్నారు. వేళాకోళానికి వేళాపాళా ఉండక్కర్లేదూ?

నిజానికి వేళాకోళమాడే పరిస్థితి కాదు. స్కాన్ చూస్తే లోపల మళ్ళీ నీరు చేరుతున్నట్టే ఉంది, లేనట్టే ఉంది. పాత జ్ఞాపకం ఒక్కటైనా సరిగ్గా వెనక్కి వస్తే ఆగి చూడొచ్చు. రాకపోతే రేపే మళ్ళీ పుర్రె తెరవాలి. అందుకే రోజూ ఒక పాత సంగతి చెప్పించడం. ఒప్పో తప్పో ఇంటివాళ్ళని కనుక్కుని అసిస్టెంటు తర్వాత చెబుతుంది. ఇంతవరకు అన్నీ తప్పులే.

"రెండోసారి తెరిస్తే ప్రమాదమా అండీ?" అని అడిగింది ఆవిడ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

డాక్టరుగారి కోపం చల్లారిపోయింది. "మంచిది కాదమ్మా. మాట పడిపోవచ్చు. రక్తం ఆగకపోవచ్చు. అందుకే ఇంతలా బతిమాలుతున్నాను, కాస్త సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

ఎన్ని తలలు తెరిచారో ఆయనకే లెక్క లేదు. కానీ ఎందుకో, ఈవిడ విషయంలో కత్తి పట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఆవిడ క్షేమంగా ఇంటికెళ్ళిపోతే చాలుననిపిస్తోంది.

"సరే, ఇది చెప్పండి. మీ ఆయన్ని మొట్టమొదట ఎక్కడ చూశారు?"

ఆవిడ ఒకసారి అసిస్టెంటు వైపు చూసి గొంతు సవరించుకుంది.

"ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదండీ. పళ్ళ డాక్టరు దగ్గర. ఆయన పన్ను పీకించుకోడానికొచ్చి నాకు ఎదురుగా కూర్చున్నారు. ఎడమ బుగ్గ ఇంత లావున వాచిపోయి ఉంది. నొప్పితో ఉన్న మనిషిని చూసి నవ్వితే ఏం బావుంటుందని, తల వంచుకుని కూర్చున్నాను."

"తప్పు!" అని కుర్చీలోంచి లేచారు డాక్టరుగారు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎడమేంటమ్మా, కుడి బుగ్గ! తల వంచుకుని కూర్చున్నారా? నోట్లో నిమ్మకాయ దాచుకున్నారా అని అడిగి పకపకా నవ్వలేదూ? అక్కడున్నవాళ్ళంతా మీ వైపే తిరిగి చూడలేదూ? ఇప్పుడేమో పెద్ద బుద్ధిమంతురాలిలా కబుర్లు!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

అయ్యో, మరీ గట్టిగా అరిచానేమో అనుకున్నారు డాక్టరుగారు. పాపం, తప్పు బయటపడేసరికి బెంగ పడిపోయినట్టుంది.

"ఏడవకమ్మా, నేనున్నాగా," అన్నారు మెత్తగా. తర్వాత అసిస్టెంటుతో, ఆవిడకి వినపడకుండా, "లాభం లేదు. రేపటికి థియేటర్ సిద్ధం చేయించు," అన్నారు. భారంగా అడుగులేసుకుంటూ వరండాలోకి నడిచారు.

తలుపు మూసుకోగానే అసిస్టెంటు మంచం దగ్గరికి పరుగెత్తి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంక ఆపరేషన్ మాటే లేదమ్మా, కళ్ళు తుడుచుకుని ఆ మంచం దిగండి, సారు తిరిగి తిరిగి అలిసిపోకముందే మీ ఆయన్ని తీసుకొచ్చి ఆయన మంచం మీద పడుకోబెడదాం."