ఐదు కొత్త స్టెన్సిళ్లు

ప్రశ్నపత్రం చివరి బెంచీకి చేరకముందే ఆ బెంచీలోని జాన్‌బాబు మొదటి జవాబు సగం రాసేశాడు.

1978 డిసెంబరు. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీ. హాఫియర్లీ ఎకనామిక్స్ పరీక్ష. వాడి జవాబు కాగితాన్నీ, దాని కిందున్న పది ప్రశ్నల చీటీనీ లాక్కుని చూసిన లెక్చరర్ తిరుపతిరావు గారికి చెమటలు పట్టాయి. ఆ పేపరు సెట్ చేసింది ఆయనే.

"ఎక్కడివిరా నీకీ ప్రశ్నలు?"

"గెస్ చేశానండీ," అన్నాడు వాడు.

పదికి పదీ, అదే వరుసలో గెస్ చేశాడట. చెప్పేవాడికి వినేవాడు లోకువ!

మధ్యాహ్నానికల్లా తిరుపతిరావు గారు ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారి గదిలో తేలారు.

"నా చేత్తో రాసి, కవర్లో పెట్టి, లక్క సీలు వేసి టైపిస్టు మార్తకిచ్చాను సార్. ఆ కవరు విప్పింది ఆ అమ్మాయొక్కతే. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది? వెనకటికి హాల్లో నిలబడి ప్రశ్నలు నేనే చదివేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్లు. ఏ గొడవా లేదు. ఈ కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను వచ్చాక నా ప్రశ్నలకి కాపలా లేకుండా పోయింది."

సరిగ్గా అప్పుడే మార్తని పర్మినెంటు చేసే ఆర్డరు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. గుణదల నుంచి రోజూ నడిచొచ్చే ఆ మనిషి ఏడేళ్లుగా టెంపరరీ. ఏడేళ్లు! ఆరునెలలకోసారి ఒక రోజు మానిపించి, మర్నాడు మళ్లీ చేర్చుకునే ఉద్యోగం. సోమవారంలోగా సంతకం పడకపోతే ఆ పోస్టే రద్దు. ప్రిన్సిపాల్ గారు ఆర్డరును బోర్లించి పెట్టారు.

అటెండరు శౌరయ్యని పిలిచారు. అడిగేదాకా ఆగే రకం కాదు శౌరయ్య.

"మిగతా పేపర్లప్పుడు టకటకా వరండా అంతా మోగుద్దండి. ఎకనామిక్స్ పేపరు రోజున మాత్రం తలుపేసుకు కూర్చుంటదండి. ఒక్కసారి టక్‌మంటది, అంతే. తలుపు తీసేసరికి ఒకటే గోళ్లరంగు వాసనండి."

"విన్నారా!" అన్నారు తిరుపతిరావు గారు. "నా ప్రశ్నలు పటమట ట్యుటోరియల్ వాళ్లకి చేత్తో కాపీ చేసి ఇస్తోంది సార్. పైగా గోళ్లకి రంగులు!"

మార్త గదికెళ్లి సొరుగు తీయించారు. అందులో ఐదు స్టెన్సిళ్లు. టైపు కొట్టి సైక్లోస్టైల్ మిషనుకి ఎక్కించే మైనం కాగితాలు, పూత చెక్కుచెదరని కొత్తవి. ఒక్కో స్టెన్సిలూ సంతకం పెట్టించుకుని ఇచ్చే రోజులవి. రిజిస్టరు తెప్పించారు. 1974 నుంచి ఏటా డిసెంబరులో "ఎకనామిక్స్ పేపరుకు, ఒకటి" అని మార్త సంతకం ఉంది. ఐదేళ్లు, ఐదు.

"కాలేజీ సొమ్ము దాచిందన్నమాట! డిస్మిస్ చేయండి సార్. పోలీసులకి కూడా చెప్పండి."

మార్త కళ్లనిండా నీళ్లు. ఆమెకి భయం కంటే అవమానం ఎక్కువగా ఉంది.

"పేపరు నేనెవరికీ ఇవ్వలేదండి. మేరీమాత మీద ఒట్టండి. చెబితే సార్‌గారి మర్యాద పోతుందని ఊరుకున్నానండి."

"నా మర్యాదా?" అని తిరుపతిరావు గారు పెద్దగా నవ్వారు.

ప్రిన్సిపాల్ గారు ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి. ఆయనకి ఈ లెక్క తేలలేదు.

"ఆగండాగండి. ఇవి ఐదూ వాడనే లేదు. పేపరేమో ఏటా టైముకి హాలుకి వస్తూనే ఉంది. ఏమ్మా, మరి దేనిమీద కొట్టావు?"

మార్త బీరువా వెనక నుంచి, పాత దినపత్రికల మధ్య నలగకుండా దాచిన స్టెన్సిలొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. తిరుపతిరావు గారికి అందించారు. తిరుపతిరావు గారు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత ప్రిన్సిపాల్ గదికి అందరికంటే ముందు నడిచి, బోర్లించిన ఆర్డరును తనే తిప్పి, తన పెన్నుకు తనే మూత తీశారు.

"మంచి పిల్ల సార్. సంతకం పెట్టేయండి," అన్నారు.

ఆ పాత స్టెన్సిల్లో ఈ ఉదయం వచ్చిన పది ప్రశ్నలే, అదే వరుసలో, 1973లో కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. పైన సంవత్సరం చివరి అంకె మీద మాత్రం, తప్పులు దిద్దే ఎర్రమందు ఐదు పూతలు పడి, గోళ్లరంగు వాసన వేస్తూ పొక్కు కట్టి ఉంది.