కుడి చెంప

శేషమ్మ మేడమెట్లు ఎక్కి వచ్చేసరికి ఫెబీ పార్లర్‌కు తాళం వేయబోతోంది.

ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. కానీ ఆ మధ్య ఫెబీకి రోజూ అంతే. తెరవడం, కాసేపు కూర్చోవడం, మూసేసి ఇంటికి వెళ్లి పడుకోవడం. మార్కాపురంలో పార్లర్ పెట్టి మూడు నెలలైనా పని మీద మనసు నిలవడం లేదు.

శేషమ్మ వెంట కోడలు హరిత ఉంది. ఇద్దరూ అర్ధవీడు నుంచి కంభంలో బస్సు మారి వచ్చారు. ఆరు నెలల కిందట శేషమ్మకు కుడి దవడలో క్యాన్సర్ గడ్డ తీశారు. అప్పటినుంచి ఆ వైపు చెంపలోనూ మెడలోనూ నీరు చేరి వాపు. తేలికైన చేత్తో నిమురుతూ ఉంటే నీరు కిందికి దిగుతుందని డాక్టరు చెప్పాడట. కింద బోర్డు మీద ‘హెడ్ మసాజ్‌తో పాటు ఫేస్ బ్రషింగ్’ అని చదివి, హరిత ఆయనకు ఫోన్ చేసి అడిగింది. చేయించమన్నాడు. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి తను మందుల షాపుకు వెళ్లింది.

ఫెబీ ముందు మెడ కింద ఎముక దగ్గర, తర్వాత చెవి కింద, ఆ తర్వాతే చెంప మీద మెత్తటి బ్రష్ ఆడించింది. పాల మీద మీగడ చెదరనంత తేలిగ్గా.

“కళ్ళు మూసుకో పెద్దమ్మా, హాయిగా ఉంటది.”

శేషమ్మ మూసుకోలేదు. అద్దంలో ఫెబీ చేతినే చూస్తూ కూర్చుంది.

ఎట్లా ఉందని కాసేపటికి ఫెబీ అడిగింది. శేషమ్మ ఏదో చెప్పబోయి ఆగింది.

“చెయ్యి ఎందుకు తల్లీ అట్ల వణుకుతాంది?”

అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఫెబీ ఆమెకు చెప్పింది. కువైట్‌లో ఒక సెలూన్‌లో మూడేళ్లు పని చేసింది. ఈ బ్రష్ పని అక్కడే నేర్చుకుంది. ఒకరోజు తల్లి పోయిందని ఇక్కడినుంచి ఫోన్ వచ్చింది. యజమాని పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. ఆ పూట ఎవరో పెళ్లికూతురి ముఖానికి బ్రష్ చేస్తూ నిలబడింది. ఇంటికి చేరేసరికి తల్లి సమాధి మీద సిమెంటు కూడా ఆరిపోయి ఉంది.

“ఎవరెవరి మొహాలో నిమిరినా పెద్దమ్మా. మా అమ్మ మొహం కడసారి తాకలేకపోయినా.”

శేషమ్మ అద్దంలోంచే ఆమెను చూస్తూ అంది.

“శానా హాయిగా ఉంది తల్లీ. మళ్ళీ శనివారం వస్తా.”

అన్నట్టే వచ్చింది. ఆ తర్వాతి శనివారమూ వచ్చింది. హరితకు చంటిపిల్ల ఉండడంతో ఒక్కతే బస్సెక్కి వచ్చేది. కుర్చీలో కూర్చుని మెడ మీద కొంగు తీసేది. బ్రష్ ఆడుతున్నంతసేపూ ఫెబీ తల్లి గురించి అడిగేది. ఏం వండేది, ఎట్లా తిట్టేది, కోపం వస్తే ఎన్నాళ్లు మాట్లాడేది కాదు. ఫెబీ మొదట్లో ఏడుస్తూ చెప్పేది. పోనుపోను ఏడవకుండా చెప్పడం అలవాటైంది. చర్చిలో పాట పాడితే అమ్మ అందరికన్నా ఒక చరణం ముందుండేదని చెబుతూ ఒకసారి నవ్వేసింది. తన నవ్వుకు తనే ఉలిక్కిపడింది.

బ్రష్ అయ్యాక ఇద్దరూ టీ తాగేవాళ్లు. టీ శేషమ్మ గడ్డం మీదికి కారితే ఫెబీయే తువ్వాలుతో తుడిచేది.

చెయ్యి వణకడం తగ్గింది. పార్లర్ సాయంత్రం దాకా తెరిచి ఉంటోంది. శనివారం వస్తే ఫెబీ తెల్లారకుండానే లేచి బ్రష్ కడిగి ఆరబెట్టేది. వాపు కొద్దిగా తగ్గినట్టుంది. అంతకన్నా, వెళ్లేముందు శేషమ్మ “ఈ వారమంతా ఈ చెంప సుఖంగా ఉంటది” అనే మాట కోసం ఫెబీ ఎదురుచూసేది.

వానలు మొదలయ్యాక శేషమ్మ చిక్కిపోయింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందని తనే చెప్పింది, పక్కింటివాళ్ల సంగతేదో చెప్పినట్టు. మెట్ల మధ్యలో కూర్చుని ఊపిరి కూడదీసుకుని మళ్ళీ ఎక్కేది. ఇక తనే అర్ధవీడు వస్తానని ఫెబీ బతిమాలింది.

“నువ్వు దుకాణం మూయొద్దు తల్లీ. నేనే వస్తా.”

రెండు శనివారాలు రాలేదు. మూడో శనివారం పొద్దున అత్త పోయిందని హరిత ఫోన్ చేసింది.

ఫెబీ బ్రష్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. వెళ్లేసరికి శేషమ్మను వసారాలో పడుకోబెట్టి ఉంచారు. ఒక్కసారి ముఖం నిమరనిస్తారా అని ఫెబీ అడిగింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు హరిత వైపు చూశారు. హరిత తలూపింది.

మెడ కింద ఎముక దగ్గర మొదలుపెట్టింది. తర్వాత చెవి కింద. ఆ తర్వాత చెంప మీద. ఎక్కడా తొందరపడలేదు. కళ్ళవెంట నీళ్లు కారుతున్నాయి గానీ చెయ్యి వణకలేదు.

అయ్యాక లేచి హరిత పక్కన నిలబడింది.

“ఆయమ్మ రుణం ఎట్ల తీర్చుకునేది హరితా. ఈ నాలుగు నెలలూ ఈ ఒక్క చెంపకైనా కాస్త సుఖమిచ్చినా. అదే నాకు మిగిలింది.”

హరిత అర్థం కానట్టు ఆమె ముఖంలోకి చూసింది.

“ఆ చెంపకు స్పర్శ యాడిదక్కా, ఆపరేషన్లో నరం కోసేసిన కాడినుంచి సూదితో గుచ్చినా అత్తకు తెలిసేది కాదు.”