గురువారం కారు

“మంచమూ అదే, కిటికీ అదే, కదలని ఆ కాళ్ళూ అవే! మరి కారెందుకు పోవాలి?”

హవెల్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. మార్గెడ్ ముందున్న టీ కాస్త తొణికింది.

“అరవకు బాబాయ్, లైన్లో ఉన్నాను,” అంది ఆమె ఫోను చెవికి నొక్కుకుని. ఆ నర్సింగ్ హోమ్ ఆఫీసు పనంతా ఆమెదే. హవెల్ ఆమెకి చుట్టమేమీ కాదు. పలకరాయి గనులున్న ఆ లోయలో పెద్దవాళ్ళందరూ ఏదో ఒక వరస, అంతే.

హవెల్ అన్న ఎమ్రిస్ ఆ హోమ్‌లోనే ఉంటున్నాడు. నరాల జబ్బు నడుం కింద భాగాన్ని మింగేసి మాట దగ్గరికొచ్చింది. ప్రభుత్వమిచ్చే ప్రయాణ భత్యం కింద అతనికో కారుంది. వెనక తలుపు తెరిస్తే చక్రాల కుర్చీ కుర్చీలాగే లోపలికెళ్ళిపోతుంది. ప్రతి గురువారం హవెల్ ఆ కారులో అన్నని క్రికియెత్ ఊరి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తాడు. వానైనా సరే, గాలైనా సరే.

ఫోనులో పాట ఆగి భత్యాల ఆఫీసు నుంచి ఒక గొంతు పలికింది. మార్గెడ్ మొదటి నుంచీ చెప్పుకొచ్చింది, పొద్దుట ఇంకొకరికి చెప్పినట్టే.

“హోమ్ ఖర్చు స్థానిక కౌన్సిల్ భరిస్తే ప్రయాణ భత్యం ఉంటుందండీ,” అంది ఆ గొంతు. “ఇప్పుడు ఆరోగ్యశాఖ మొత్తం భరిస్తోంది. అంటే ఆయన ఆస్పత్రిలో ఉన్నట్టు లెక్క. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి ప్రయాణమేముంటుంది?”

“ఆయన ఆస్పత్రిలో లేరు. నా ఆఫీసుకి ఎదురు గదిలో ఉన్నారు. ఇప్పుడే కిటికీ తెరవమన్నారు!”

“లెక్కలో ఉన్నారండీ.”

ఫోను పెట్టేసి మార్గెడ్ తల పట్టుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇంతకుముందు కౌన్సిలే కట్టేది, కానీ ఎమ్రిస్ ఇల్లు అమ్మి తీర్చుకుంటామనే షరతు మీద. గనిలో పనిచేస్తూనే ఆదివారాలు కూర్చుని తన చేత్తో పైకప్పు పలకలు పేర్చుకున్న ఇల్లది. దాని కోసమే హవెల్ చలికాలమంతా పోట్లాడాడు. ఇది ముసలితనం కాదు, జబ్బు. ఖర్చు ఆరోగ్యశాఖే పెట్టుకోవాలన్నాడు. గెలిచాడు. కేకు తెచ్చి హోమ్ అంతా పంచాడు. ఆ కేకు అరగకముందే కారు తిరిగిచ్చెయ్యమని కబురొచ్చింది.

“పోనీ నీ కారులో తీసుకెళ్ళరాదూ?”

“నాకు కారెక్కడిది? మా ఆవిడ బ్రోన్‌వెన్ పోయాక అమ్మేశాను. నాకెందుకు కారు, ఎక్కడికెళ్ళాలని? ఇదంతా అన్నయ్య కోసం.” హవెల్ ఎదురు గది వైపు చెయ్యి చూపాడు. “నువ్వు చూడలేదూ, గురువారమొస్తే ఎలా ఉంటాడో!”

మార్గెడ్ చూసింది. గురువారం పొద్దున ఎమ్రిస్ సంబరం కొద్దీ టిఫిను ముట్టడు. “మావాడు లేచాడేమో ఫోన్ చెయ్యి తల్లీ,” అని ఆమె ప్రాణం తీస్తాడు. తిరిగొచ్చాక చాలాసేపు కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుంటాడు. సముద్రాన్ని కళ్ళలో దాచుకుంటున్నాడంటాడు హవెల్. ఒకసారి కారు రిపేరుకెళ్ళి ప్రయాణం తప్పితే అన్నదమ్ములిద్దరూ డీలా పడిపోయారు. హవెల్ ఆ వారమంతా గడ్డం కూడా గీసుకోలేదు.

“ఒక్కటే దారి,” అన్నాడు హవెల్. “ఆరోగ్యశాఖ డబ్బు మాకొద్దని చెప్పేద్దాం. మళ్ళీ కౌన్సిలే కడుతుంది. కారుంటుంది.”

“ఇల్లు పోతుంది బాబాయ్! దానికోసమే కదా చలికాలమంతా కొట్టుకున్నావ్!”

“ఇల్లు అన్నయ్యది. అడుగుదాం పద.”

ఎదురు గదిలో ఎమ్రిస్ అంతా విన్నాడు. మాట కూడదీసుకోవడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

“కారుండాలి,” అన్నాడు. “ఇల్లు అమ్మెయ్.”

“అన్నయ్యా, బాగా ఆలోచించు...”

“గురువారం పూట ఈ గోలేంట్రా? పద, కారు తీయ్.”

హవెల్ కళ్ళు తుడుచుకుంటూ, టై సర్దుకుంటూ బయటికి నడిచాడు. మార్గెడ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ భత్యాల ఆఫీసు వాళ్ళ మీద, వాళ్ళ లెక్కల మీద, చివరికి ఈ మొండి ముసలాయన మీద కూడా. ఎమ్రిస్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

“మీకేమైనా మతి పోయిందా పెదనాన్నా? కట్టుకున్న ఇల్లు! వారానికోసారి ఆ చలిగాలిలో సముద్రం చూడ్డానికి అమ్ముకుంటారా? అంత ప్రాణమా మీకది?”

“సముద్రమా?” ఎమ్రిస్ మొహం వికారంగా పెట్టాడు. “ఆ మలుపుల్లో నా కడుపు తిప్పేస్తుంది తల్లీ. అందుకే పొద్దున ఏమీ తినను. వచ్చాక కళ్ళు తెరవలేను.”

మార్గెడ్ తల తిప్పి బయటికి చూసింది. కిటికీ అవతల హవెల్ ఈల వేసుకుంటూ కారు అద్దాలు తుడుస్తున్నాడు.

“మరి ఎందుకు వెళ్తున్నారు?”

ఎమ్రిస్ తమ్ముణ్ణి చూస్తూ మెల్లగా అన్నాడు:

“షికారు తీసుకెళ్తున్నది వాడు కాదు తల్లీ, నేను.”